పనసయు, అధికరణమును: శాస్త్రవ్యాసములలో పేరా నిర్మాణము

తైత్తిరీయశాఖను అధ్యయనము చేసినవారికి పనస యనగా నేమో చెప్పనక్కఱలేదు. అనువాకమును 50 పదముల చొప్పున విభజించి ఒక్కొక్క భాగమునకు పంచాశత్తు అని పేరు పెట్టిరి. ఆ శబ్దమే తెలుగునాట వేదపండితుల నోట పనసయైనది. ఈ విభాగమునకు అర్థముతో సంబంధము లేదు. ఏబదవ పదము వాక్యము నడుమ పడినను పనస అచ్చటనే ముగియును. ఇది దోషము కాదు. పదము జారిపోకుండ, క్రమము తప్పకుండ వేదమును కంఠమున నిలుపుకొనుటకు పెద్దలు చేసికొన్న ఏర్పాటు. సంత చెప్పుకొను బాలునికి పనస యెంత మేలు చేయునో వేదపాఠశాలలలో చదివినవారెల్లరును ఎఱుగుదురు.

శాస్త్రమున విభాగపద్ధతి వేఱు. అచ్చట అధికరణము ప్రధానము. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అను ఐదు అంగములు గలది అధికరణము. దీనికి సూత్రసంఖ్యతో పనిలేదు. బ్రహ్మసూత్రములలో జిజ్ఞాసాధికరణము ఒక్క సూత్రముతో ముగిసినది. ఆనందమయాధికరణము 8 సూత్రములదాక సాగినది. ప్రశ్న పుట్టినచోట అధికరణము మొదలగును, ఆ ప్రశ్నకు సమాధానము కుదిరినచోట ముగియును. పనసను కొలత నిర్ణయించును, అధికరణమును ప్రశ్న నిర్ణయించును. ఈ రెండు విభాగములును మన విద్యలో చిరకాలముగా నున్నవే. దేనిని ఎచ్చట వాడవలెనో తెలిసియుండుటయే ముఖ్యము.

ప్రాచ్యకళాశాలలనుండియు, విశ్వవిద్యాలయములనుండియు వెలువడుచున్న సిద్ధాంతవ్యాసములను, పరిశోధనపత్రికలలోని రచనలను పరిశీలించినచో, వానిలోని పేరాలు చాలవఱకు పనసలుగానే కనబడుచున్నవి. పుటలో మూడవవంతు నిండగానే వ్రాయువాడు ఒక పంక్తిని విడిచి మఱియొక పేరా నారంభించును. ఏల ఆ చోట ఆపెనో, ఏల ఈ చోట మొదలిడెనో అతడు చెప్పజాలడు. విషయజ్ఞానము లేదా యన్నచో, ఉన్నది. ఉద్ధరణలు శుద్ధముగనే యుండును. వాక్యములు వ్యాకరణసమ్మతములే. అయినను చదువరికి తుదకు ఏమి నిరూపింపబడినదో తెలియదు. ఇది భాషాదోషము కాదు, పేరా నిర్మాణదోషము. దీనిని తొలగించుటకు కావలసిన సాధనములు శాస్త్రములందే యున్నవి. వానిని తెలుగు వ్రాతలో వినియోగించు అభ్యాసము మాత్రము బోధనలో లేదు.

దోషస్వరూపము తెలియుటకు ఒక నమూనాను కల్పించుకొని చూడవచ్చును. మల్లినాథసూరిని గూర్చి యొక విద్యార్థి ఈ విధముగా వ్రాసెననుకొందము:

“మల్లినాథసూరి కోలాచలవంశమువాడు. ఆయన పంచమహాకావ్యములకు వ్యాఖ్యలు రచించెను. కాళిదాసుని మూడు కావ్యముల వ్యాఖ్యకు సంజీవిని యని పేరు. రఘువంశమున 19 సర్గలు కలవు. భారవి అర్థగౌరవమునకు ప్రసిద్ధుడు. కిరాతార్జునీయవ్యాఖ్యకు ఘంటాపథమని పేరు. వ్యాఖ్యానము కావ్యమును చదువువారికి మిక్కిలి ఉపకరించును. విద్యాధరుని ఏకావళికి మల్లినాథుడు తరళ యను వ్యాఖ్యను గూడ రచించెను. అమరకోశమును ఆయన పెక్కుచోట్ల ఉదాహరించెను.”

ఇందలి తొమ్మిది వాక్యములలో అసత్యమైనది ఒక్కటియు లేదు. ప్రతి వాక్యమును తనంతట తాను సంపూర్ణమే. ఆ సంపూర్ణతయే ఇచ్చట దోషమైనది. ఏ వాక్యమును మఱియొకదాని నపేక్షించుట లేదు. మూడవ వాక్యమును తొలగించినను, ఏడవదానిని మొదటికి తెచ్చినను చదువరికి లోటు కనబడదు. క్రమము మార్చినను నష్టము లేని వాక్యసముదాయమునకు మొదట క్రమమే లేదని అర్థము. ఇప్పుడు అదే విషయమును ఒక ప్రశ్న చుట్టును కూర్చినచో ఎట్లుండునో చూడవలెను. మల్లినాథుని వ్యాఖ్యలు విద్యార్థులకు కావ్యప్రవేశమున ఏల అంతగా ఉపకరించుచున్నవి అనునది ప్రశ్న యనుకొన్నచో:

“మల్లినాథుని వ్యాఖ్యలు కావ్యమును స్వయముగా చదువగోరు విద్యార్థికి గురుస్థానమున నిలుచును. ఏలనన, శ్లోకమున చెదరియున్న పదములను అవి అన్వయక్రమమున చేర్చి చూపును. అట్లు చేర్చిన పదములలో కఠినమైనది యున్నచో, అమరము మొదలగు కోశముల ప్రమాణము నిచ్చును. రూపమున సందేహము కలుగుచోట పాణినిసూత్రమును చూపును. ఇట్లు అర్థమును, సాధుత్వమును స్థిరపడిన పిదప సాధారణముగా తుదకు అలంకారమును పేర్కొనును. కావున విద్యార్థి అర్థము తెలియకుండ అలంకారమును వల్లించు దుస్థితికి లోనుగాడు.”

ఇచ్చట మొదటి వాక్యము ఒక ప్రతిజ్ఞ. రెండవది హేతువు. మూడవది, నాలుగవది ఆ హేతువునకు విస్తారము. ఐదవది క్రమమును తెలుపును. తుదివాక్యము ఫలము. ఒక్క వాక్యమును కదల్చినను తక్కినవి కదలును. వంశము, సర్గసంఖ్య, తరళ ఇచ్చట లేవు. అవి నిరర్థకములని కాదు. వానికి వేఱు ప్రశ్నలు కలవు, ఆ ప్రశ్నలు వచ్చుచోట అవి వచ్చును. విద్యార్థికి తెలిసినదంతయు ఒకచోట పోయుటకును, అడిగినదానికి సరిపడినంత చెప్పుటకును గల భేదము ఈ రెండు నమూనాలలో తేటపడుచున్నది.

ఈ నియమములు పాశ్చాత్యుల రచనాబోధినులనుండి ఎరువు తెచ్చుకొనదగినవని కొందఱు తలచుచున్నారు. వాక్యమును గూర్చి మన శాస్త్రములు చేసిన విచారమును తలచుకొన్నచో ఆ భావము నిలువదు. పదములు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనని విద్యార్థులందఱును చదివినదే. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమున అంతటితో ఆగక, ఈ యోగ్యతాదులతోనే కూడిన వాక్యసముదాయమును మహావాక్యమని నిర్వచించెను. అనగా పదమునకు పదము ఎట్లో, వాక్యమునకు వాక్యము అట్లు. ఒక వాక్యము ముగియగానే చదువరి మనస్సున ఒక అపేక్ష మిగులవలెను; రాబోవు వాక్యము దానిని తీర్చవలెను. నేడు పేరా యని పిలువబడుచున్నది మహావాక్యములలో అల్పపరిమాణము గలది మాత్రమే.

మీమాంసకులు ఇంకను లోతుగా విచారించిరి. తమ తమ అర్థములను బోధించి ముగిసిన వాక్యములు సైతము అంగాంగిభావముచేత మరల ఏకవాక్యత నొందునని కుమారిలభట్టు నిరూపించెను. దర్శపూర్ణమాసములను విధించు వాక్యము వేఱు, ప్రయాజలను విధించు వాక్యము వేఱు. అయినను మొదటిదానికి ‘ఎట్లు చేయవలెను’ అను ఆకాంక్ష కలదు. రెండవదానికి ‘దేనికొఱకు’ అను ఆకాంక్ష కలదు. ఈ ఉభయాకాంక్షయే ప్రకరణము. పేరాకు ఇంతకంటె చక్కని లక్షణము దొరకదు. ప్రధానవాక్యము ‘ఎట్లు’, ‘ఏల’ అని అడుగుచుండవలెను. తక్కిన వాక్యములు ‘దేనికొఱకు’ అని అడుగుచుండవలెను. రెండు ఆకాంక్షలును ఒండొంటిచే తీరవలెను. ప్రధానవాక్యము లేని పేరా అంగి లేని అంగముల గుంపు. ప్రధానవాక్యమున్నను దానితో సంబంధింపని వాక్యము ఎంత సుందరమైనదైనను ఆ ప్రకరణమునకు పరాయిదే.

వాక్యభేదమను దోషమును గూడ ఇచ్చట స్మరింపవలెను. ఒకే వాక్యము రెండు వేర్వేఱు విషయములను విధింపజాలదని మీమాంసకుల కట్టుబాటు. అట్లు విధించునని చెప్పవలసివచ్చినచో వారు వ్యాఖ్యానమునే మార్చుకొందురు. ఒక పేరాలో కర్తృకాలమును, గ్రంథవస్తువును, శైలిని, పాఠభేదములను ఒకేసారి సాధింపబూనుట వాక్యభేదమే. ఏకవాక్యత కుదురుచుండగా వాక్యభేదము యుక్తము కాదని వేదవాక్యమును గూర్చి నిత్యము పాఠము చెప్పు అధ్యాపకులు, శిష్యుడు వ్రాసితెచ్చిన పుటయందు ఆ నియమమును అన్వయింపకుండుట ఆశ్చర్యకరము.

ఇంత తెలిసిన సంప్రదాయమునుండి వచ్చినవారు వ్రాతలో ఇట్లేల తడబడుచున్నారు? కారణము బోధనపద్ధతిలోనే కలదు. పాఠశాలలో శాస్త్రము ముఖతః నడచును. గురువు పంక్తిని చెప్పగానే శిష్యుడు శంకించును. శిష్యుడు చెప్పగానే గురువు ‘ఏల’ అని అడుగును. వాక్యార్థసభలో వక్త ఏమాత్రము దారితప్పినను ఎదుటి పండితుడు ‘ప్రకృతమునకు రండు’ అని నిలవేయును. అచ్చట ప్రశ్నను అందించువాడు ఎదుట కూర్చుండియున్నాడు. కాగితము ముందు కూర్చున్నవానికి అట్టివాడు లేడు. కాగితము దేనిని వ్రాసినను భరించును. వాదమున నేర్పుగల పండితుడే వ్రాతలో సంగతి తప్పుటకు ఇది హేతువు. ఎదుటివాని ప్రశ్నను తానే వేసికొని, దానిని చదువరికి వినిపించి, పిదప సమాధానము చెప్పుట వేఱుగ నేర్వవలసిన విద్య. భాష్యకారులు ఈ విద్యలో ఆఱితేరినవారు. పతంజలి మహాభాష్యమున చిన్నచిన్న వాక్యములతో ప్రశ్నయు, సమాధానమును, మరల ఆక్షేపమును, పరిహారమును నడచుట దీనికి మంచి నిదర్శనము.

వాదసభలో దారితప్పినవానికి పడు శిక్షలను న్యాయశాస్త్రము వివరముగ చెప్పినది. ఐదవ అధ్యాయము రెండవ ఆహ్నికమున 22 నిగ్రహస్థానములు కలవు. వానిలో ఆఱింటిని పేరాను పరీక్షించుటకు ఉన్నవి యున్నట్లుగ వాడుకొనవచ్చును. ప్రకృతమును విడిచి వేఱొకటి చెప్పుట అర్థాంతరము. పూర్వాపరసంబంధము లేని మాటలను కూర్చుట అపార్థకము. దశదాడిమాది వాక్యము దీనికి ప్రసిద్ధోదాహరణము. ముందు చెప్పవలసినదానిని వెనుక చెప్పుట అప్రాప్తకాలము. కావలసిన అవయవమును వదలుట న్యూనము. ఒక్క హేతువు చాలినచోట నాలుగు హేతువులను, ఒక్క ఉదాహరణము చాలినచోట పది ఉదాహరణములను గుప్పించుట అధికము. ప్రయోజనము లేకయే చెప్పినదానిని మరల చెప్పుట పునరుక్తము. పైని చూపిన తొమ్మిది వాక్యముల నమూనా అపార్థకమునకు లక్ష్యము. సిద్ధాంతవ్యాసములలో అధికము, పునరుక్తము ఎంత విరివిగా నున్నవో పరీక్షకులైనవారికి వేఱుగ చెప్పనవసరము లేదు.

ఇచ్చట ఒక ఆక్షేపము కలుగవచ్చును. మన తాళపత్రములలో పేరాలెచ్చట నున్నవి? పదమునకును పదమునకును నడుమ సైతము ఎడము లేక, పంక్తి నిండువఱకు అక్షరములే యుండును గదా. కావున పేరా మన సంప్రదాయమునకు అన్యమే యని కొందఱి వాదము. పుటపై కనబడు ఖాళీ ముద్రణతో వచ్చినదనుట సత్యమే. కాని ఆ ఖాళీ చేయు పనిని పూర్వులు మాటలచే చేయించిరి. ‘నను’ అనగానే ఆక్షేపము మొదలైనదని, ‘ఉచ్యతే’ అనగానే సమాధానము వచ్చుచున్నదని, ‘కించ’ అనగానే మఱియొక హేతువు చేరుచున్నదని, ‘తస్మాత్’ అనగానే ఉపసంహారమని చదువరికి తెలియును. కన్నులకు కనబడు గుర్తు లేకున్నను చెవికి తెలియు గుర్తులుండెను. అందువలననే ఎడములేని తాళపత్రమున వ్రాసిన భాష్యము సైతము విడివడక నిలిచినది.

ముద్రణ వచ్చిన పిదప జరిగినదేమనగా, ఖాళీ చోటు లభించెను, కాని గుర్తుమాటలు పోయినవి. పంక్తిని విడిచినంతనే సంబంధము తెలిసిపోవునను భ్రమ కలిగినది. తెలుగునకు ఈ మాటలలో దారిద్ర్యము లేదు. కావున, అయినను, ఏలనన, అనగా, ఇక, మఱియు, అంతేకాక, అట్లైనచో, ఇందువలన, తుదకు మొదలగునవి పండితులకును, పామరులకును తెలిసినవే. అయితే వీనిని అలంకారముగ చల్లుటయు దోషమే. హేతువు లేనిచోట ‘కావున’ అని వ్రాసినచో చదువరి మోసపోవును. ‘కావున’ అను మాటకు ముందున్నది నిజముగ హేతువగునా యని వ్రాయువాడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు నిలువని ‘కావున’ను తొలగింపవలెను, కొన్నిచోట్ల దానితోబాటు వాదమునే తొలగింపవలసివచ్చును.

తెలుగు గద్యము కొత్తది కాదు. 11వ శతాబ్దిలో నన్నయ భారతమున పద్యములతోబాటు వచనమును నడపెను. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడెను. 20వ శతాబ్ది ప్రథమార్ధమున గిడుగు రామమూర్తిపంతులుగారు ఒకవైపును, జయంతి రామయ్యపంతులుగారు మఱియొకవైపును నిలిచి నడపిన భాషావివాదము సుప్రసిద్ధము. ఆ చర్చ ప్రధానముగ పదరూపములను, క్రియారూపములను ఆశ్రయించి నడచినది. ‘చేయుచున్నాడు’ అని వ్రాయవలెనా, ‘చేస్తున్నాడు’ అని వ్రాయవలెనా యనునదానిపై వ్యయమైన శ్రమలో కొంతయైనను, ఒక వాక్యమును రెండవ వాక్యముతో ఎట్లు ముడివేయవలెనను విషయమునకు దక్కియున్నచో తెలుగు శాస్త్రగద్యమునకు మిక్కిలి మేలు కలిగియుండెడిది. గ్రాంథికమున వ్రాసినను, వ్యావహారికమున వ్రాసినను సంగతి లేని పేరా సంగతి లేనిదే.

వైయాకరణులు ఈ విషయమున ఇంకొక పాఠమును చెప్పుచున్నారు. పాణినిసూత్రములలో ముందు సూత్రముననున్న పదము తరువాతి సూత్రములకు అనువర్తించును. అనువృత్తి ఎంతవఱకు పోవునో, ఎచ్చట నిలుచునో తెలియనివానికి సూత్రార్థము తెలియదు. తెలుగు పేరాలో ‘అది’, ‘ఇది’, ‘వారు’, ‘దీనివలన’ అను సర్వనామములు అనువృత్తివంటివి. ‘దీనివలన’ అని వ్రాసినచోట, ‘ఇది’ ముందు వాక్యమునకా, అంతకుముందున్న దానికా, పేరా యంతటికా యని చదువరి వెనుకకు పోయి వెదకవలసివచ్చినచో అనువృత్తి తెగినదని తెలియవలెను. సూత్రకారుడు అర్ధమాత్రాలాఘవమును కోరెను, అతనికి వ్యాఖ్యాతలు కలరు. సిద్ధాంతవ్యాసమునకు వ్యాఖ్యాత లేడు. కావున అట్టిచోట పదమును మరల చెప్పుటయే మేలు. సందేహమును తొలగించుటకొఱకు మరల చెప్పినది పునరుక్తము కాదు, అనువాదము.

ఈ దోషమును చిన్నదిగా ఎంచుట తగదు. విభాగము మాఱినచో అర్థమే తలక్రిందులగును. బ్రహ్మసూత్రములలో ద్వితీయాధ్యాయ ద్వితీయపాదము తుదనున్న ఉత్పత్త్యసంభవాధికరణమునే చూడవచ్చును. అచ్చట పాంచరాత్రమును గూర్చిన 4 సూత్రములు కలవు. శంకరభగవత్పాదులు నాలుగింటిని ఆ మతములోని కొంత భాగమును నిరసించునవిగ వ్యాఖ్యానించిరి. రామానుజాచార్యులు మొదటి రెంటిని పూర్వపక్షముగను, తక్కిన రెంటిని పాంచరాత్రప్రామాణ్యమును స్థాపించు సిద్ధాంతముగను గ్రహించిరి. అవే నాలుగు సూత్రములు. గీత గీయబడిన చోటు మాఱినది, ఫలితము విరుద్ధమైనది. ఆచార్యులిద్దఱును తాము ఎచ్చట గీత గీసిరో స్పష్టముగ చెప్పిరి గనుక చదువరి వారి మతభేదమును గ్రహింపగల్గుచున్నాడు. పూర్వపక్షము ఎచ్చట ముగిసెనో, సిద్ధాంతము ఎచ్చట మొదలయ్యెనో తెలుపని సిద్ధాంతవ్యాసమున, ఖండింపదలచిన మతమే కర్తమతముగ చెల్లుబాటగు ప్రమాదము కలదు. తరువాతి పరిశోధకుడు దానిని అట్లే ఉద్ధరించును. ఒకసారి అచ్చుపడిన అపార్థము ఉద్ధరణలవెంట ఎంతదూరమో పోవును.

ఇందు విద్యార్థికి కలుగు నష్టమును గూడ తలపవలెను. పదేండ్లు శ్రమపడి తర్కమునో, వ్యాకరణమునో చదివినవాని పాండిత్యమును, ఆతని ముఖమెఱుగని పరీక్షకుడు వ్రాతనుబట్టియే కొలుచును. ఆ వ్రాత సంగతి లేని కుప్పగా నున్నచో, విషయము తెలియనివాడే తెలిసినట్లు నటించుచున్నాడని భావింపవచ్చును. మఱియొకవైపు, విషయము తెలియకయే ఉద్ధరణలను పేర్చినవాని వ్రాతయు చూపునకు అట్లే యుండును. ఈ ఇద్దఱిని వేఱుచేయు సాధనము పరీక్షకునికి మిగులదు. పేరా సరిగ నున్నచో జ్ఞానము బయటపడును, అజ్ఞానమును బయటపడును.

ఉద్ధరణలను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఆధారములేని మాటను గాని, అవసరము లేని మాటను గాని తాను వ్రాయనని మల్లినాథుడు తన వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసెను. నేటి సిద్ధాంతవ్యాసములు ఈ ప్రతిజ్ఞలో మొదటి సగమును శ్రద్ధగ పాటించుచున్నవి, రెండవ సగమును మఱచుచున్నవి. ప్రతి మాటకు ఆధారము చూపబడుచున్నది; ఆ మాట ఆ చోట ఏల కావలెనో చూపబడుట లేదు. వ్యాఖ్యాతలు శ్లోకమునకు ముందు అవతారిక వ్రాయుదురు. ముందు శ్లోకము తరువాత ఈ శ్లోకము ఏ శంకను తీర్చుటకు వచ్చుచున్నదో అది తెలుపును. సిద్ధాంతవ్యాసమున ప్రతి ఉద్ధరణకును ముందు ఒక వాక్యమైనను అవతారికగ నుండవలెను. పిదప, ఆ ఉద్ధరణవలన ప్రకృతమున తేలినదేమో చెప్పు ఫలితార్థవాక్యము ఒకటి యుండవలెను. ఈ రెండును వ్రాయుటకు వీలుకాని ఉద్ధరణ ఆ పేరాకు అవసరము లేనిదని నిశ్చయింపవచ్చును.

ఇంత తేటగ వ్రాసినచో శాస్త్రగాంభీర్యము పోవునని భయపడువారు కలరు. శంకరభాష్యమును పేర్కొనుచు వాచస్పతిమిశ్రుడు భామతి యారంభమున ప్రసన్నత్వమును, గాంభీర్యమును ఒకేచోట చెప్పెను. ఆ రెండును విరోధించునవి కావని భాష్యము చదివిన ప్రతివాడును అనుభవముచే ఎఱుగును. గాంభీర్యము విషయమునందుండును, ప్రసన్నత చెప్పువిధమునందుండును. కాదంబరిలోని దీర్ఘవాక్యములను ఆదర్శముగ చూపువారును కలరు. బాణుని వాక్యము రసమునకై సాగినది. పైగా ఎంత దీర్ఘమైనను దాని విశేషణములన్నియు ఒక్క విశేష్యమునే చేరును. దైర్ఘ్యమును మాత్రమే అనుకరించి, ఆ అన్వయమును విడుచుట బాణుని అనుసరించుట కాదు.

ప్రతి పేరాలోను అధికరణపంచాంగములు ఉండితీరవలెనని దీని తాత్పర్యము కాదు. కవిచరిత్రమును చెప్పు పేరాకు కాలక్రమమే సంగతి. తాళపత్రప్రతిని వర్ణించు పేరాకు పరిమాణము, పత్రసంఖ్య, లిపి, స్థితి అను క్రమము చాలును. నైయాయికులు సంగతిని ప్రసంగము, ఉపోద్ఘాతము, హేతుత్వము, అవసరము, నిర్వాహకైక్యము, కార్యైక్యము అని ఆఱు విధములుగ చెప్పిరి. వానిలో ఏదో ఒకటి రెండు పేరాల నడుమ నుండవలెను. ఒక పేరా ముగిసిన పిదప, రాబోవునది ఈ ఆఱింటిలో ఏ సంగతిచే వచ్చుచున్నదని వ్రాసినవానిని అడిగినచో వెంటనే చెప్పగలుగవలెను. ప్రసంగసంగతి చెప్పుట అన్నిటికంటె సులభము. అందుచే దానిని మితముగ వాడుట మంచిది.

ఈ అభ్యాసమును నెలకొల్పుటకు కొత్త పాఠ్యగ్రంథములు అవసరము లేదు. పాఠశాలలలో శ్లోకమునకు చేయు ఖండాన్వయమును పేరాకు చేసిన చాలును. ఖండాన్వయమున క్రియను పట్టుకొని, ఎవరు, ఏమి, ఎట్టివాడు, ఎట్లు అని ప్రశ్నించుచు ఒక్కొక్క పదమును చేర్చుదురు. అదేవిధముగ విద్యార్థి తన పేరాలో ప్రధానవాక్యమును మొదట గుర్తింపవలెను. పిదప తక్కిన వాక్యములలో ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు సమాధానమో ప్రక్కన వ్రాయవలెను. ప్రశ్న దొరకని వాక్యమును తొలగింపవలెను. ప్రశ్న మిగిలి సమాధానము లేనిచోట వాక్యమును చేర్పవలెను. తుదకు ఉపక్రమోపసంహారములు ఒకే విషయమును చెప్పుచున్నవో లేవో చూడవలెను. వేదాంతవిద్యార్థులు తాత్పర్యనిర్ణయమునకై చదువు షడ్లింగములలో మొదటిది ఇదియే.

పరిశోధనకు చేరిన తొలి యేట, విషయనిర్ణయమునకు ముందే, ప్రతి విద్యార్థిచేతను బ్రహ్మసూత్రములలోనిదో, మీమాంసలోనిదో ఒక అధికరణమును తెలుగు గద్యమున రెండు పుటలలో వ్రాయించుట మంచిది. అందు మూలవాక్యము నొక్కదానినైనను ఉద్ధరింపరాదని నియమింపవలెను. ఉద్ధరణలేకయే పూర్వపక్షమును దాని బలము తగ్గకుండ చెప్పి, సిద్ధాంతమును స్థాపింపగలవానికి ఆ అధికరణము తెలిసినదని నమ్మవచ్చును. పర్యవేక్షకులు ఆ రెండు పుటలను విద్యార్థి యెదుటనే చదివి, సంగతి తప్పినచోటనెల్ల ఆపి ‘ఏల’ అని అడుగవలెను. పరిశోధనపత్రికల సంపాదకులు అక్షరదోషములను దిద్దునట్లే సంగతిదోషములను గూడ గుర్తించి రచనను త్రిప్పిపంపవలెను. పరీక్షకులు తమ నివేదికలో వాదక్రమమును గూర్చి ఒక మాట తప్పక వ్రాయవలెను. వీనిలో దేనికిని ధనవ్యయము లేదు. కొంత కాలవ్యయము మాత్రము కలదు.

శాస్త్రములను గురుముఖమున సంపూర్ణముగ చదివిన తరము తగ్గుచున్నది. వారి యెదుట కూర్చుండి శంకించు భాగ్యము రాబోవువారికి అంతగా లభింపదు. వారికి మిగులునది వ్రాతయే. ఆ వ్రాతలో ప్రశ్న కనబడవలెను, సమాధానము కనబడవలెను, రెంటిని కలుపు దారియు కనబడవలెను. అట్లు వ్రాసిన వ్యాసము గురువు లేనిచోట కొంతవఱకైనను గురువు పని చేయును. కొలతకు తెగగొట్టిన పేరాల వ్యాసమును ఎంత దాచినను, విప్పి చదివినవానికి ఒరుగునది స్వల్పము. వేదమునకు పనస చేయు మేలు వేదముననే యుండనిచ్చి, శాస్త్రమును వ్రాయుచోట అధికరణమర్యాదను పాటించుట ప్రాచ్యవిద్యాధ్యాపకుల ముందున్న కర్తవ్యము.